మందు కొట్టించినా నల్లులు మళ్లీ ఎందుకొస్తున్నాయి?

ఇంట్లో నల్లి కనిపించగానే మందు కొట్టిస్తారు. నాలుగైదు రోజులు ప్రశాంతంగా గడుస్తాయి. రెండో వారం తిరిగేసరికి పిల్లల చేతుల మీద మళ్లీ దద్దుర్లు. మందు నకిలీదని ఒకరు, పక్క పోర్షన్ నుంచి పాకి వచ్చాయని ఇంకొకరు అంటారు. ఆ రెండూ జరగొచ్చు. కానీ ఎక్కువ ఇళ్లలో అసలు కారణం మరొకటి. మందు కొట్టిన రోజున గుడ్లలో ఉన్నవి ఆ తర్వాత పొదిగి బయటకు వస్తాయి. ఆ గుడ్ల లెక్క పట్టించుకోకుండా ఎంత ఖరీదైన మందు తెచ్చినా ఇదే వరస.

విజయవాడ, గుంటూరు వైపు మనకు ఎక్కువగా తగిలేది ఉష్ణమండల నల్లి, శాస్త్రీయనామం సైమెక్స్ హెమిప్టెరస్. చలి దేశాల ఇళ్లలో ఉండేది దీని దాయాది సైమెక్స్ లెక్టులారియస్. ఇంటర్నెట్లో దొరికే సలహాలు చాలావరకు ఆ రెండో జాతి మీద చేసిన పరీక్షల నుంచి వచ్చినవి. అలవాట్లు దాదాపు ఒకటే అయినా, ఒకచోట మాత్రం తేడా మనకు బాగా పనికొస్తుంది. అది మంచం కోళ్ల దగ్గర వస్తుంది.

పెద్ద నల్లి పొడవు 5 నుంచి 7 మిల్లీమీటర్లు. ఆకలితో ఉన్నప్పుడు పల్చగా, గోధుమ రంగులో ఉంటుంది. ఏటీఎం కార్డు దూరే సందు ఉంటే చాలు, దాక్కుంటుంది. రక్తం తాగాక ఉబ్బి, పొడుగై, ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఆడది రోజుకు ఒకటి నుంచి ఐదు గుడ్లు పెడుతుంది. తిండికి లోటు లేకపోతే జీవితకాలంలో రెండొందలు దాటతాయి. గుడ్డు ఒక మిల్లీమీటరే, తెల్లగా ఉంటుంది, చెక్కకో గుడ్డకో జిగురుతో అంటుకుని ఉంటుంది. మన వాతావరణంలో ఆరు నుంచి పది రోజుల్లో పొదుగుతుంది. పిల్ల నల్లి పెద్దదవ్వాలంటే ఐదుసార్లు కుబుసం విడవాలి, ప్రతిసారీ ముందు ఒకసారైనా రక్తం తాగాలి. రోజూ మనిషి దొరికే ఇంట్లో ఐదారు వారాల్లో అది కూడా గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది.

ఇక్కడి నుంచే తేదీలు తేలతాయి. ఇళ్లలో వాడే మందుల్లో చాలావాటికి గుడ్డును చంపే శక్తి తక్కువ. కాబట్టి మొదటిసారి మందు కొట్టాక పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య రెండోసారి కొట్టాలి. అప్పటికి గుడ్లన్నీ పొదిగి ఉంటాయి, పొదిగిన పిల్లలు ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రావు. నాలుగో రోజున రెండోసారి కొడితే సగం గుడ్లు గుడ్లుగానే మిగిలిపోతాయి. రెండు నెలలు ఆగితే కొత్త తరం గుడ్లు పెట్టేసి ఉంటుంది. మళ్లీ రెండు వారాలకు మూడోసారి. మొదటి రోజునే ఈ మూడు తేదీలూ క్యాలెండర్ మీద రాసుకోవాలి. నల్లులు కనిపించడం లేదని రెండో విడత మానేయడమే ఎక్కువమంది చేసే తప్పు. గుడ్డులో ఉన్నది, అప్పుడే పుట్టి గసగసంత ఉన్నది కంటికి ఎలాగూ ఆనవు.

ఇల్లు తాళం వేసి వేసవికి ఊరెళ్లిపోతే తిండి లేక చస్తాయనుకోవడం కూడా పొరపాటు. మన ఉక్కలో సైతం పెద్ద నల్లులు తిండి లేకుండా రెండు మూడు నెలలు నెట్టుకొస్తాయి, చల్లటి చోట ఇంకా ఎక్కువ కాలం బతుకుతాయి.

నల్లేనా, ఇంకేదైనానా?

కాటు చూసి తేల్చడం కుదరదు. దోమకాటుకూ నల్లికాటుకూ చర్మం మీద పెద్ద తేడా కనపడదు. వరసగా మూడు నాలుగు దద్దుర్లుంటే అనుమానించాలి, అంతే. కొంతమందికి, ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకు, ఎన్ని కుట్టినా మచ్చ కూడా రాదు. ఒకే మంచం మీద పడుకున్న భార్యాభర్తల్లో ఒక్కరికే దద్దుర్లు రావడం మామూలే. కాబట్టి పురుగునో, దాని గుర్తులనో కళ్లారా చూశాకే పనిలోకి దిగాలి.

చూడాల్సిన గుర్తులు మూడు: పరుపు అంచుల్లో సిరాచుక్కలాంటి నల్ల మరకలు (తడిగుడ్డతో రుద్దితే గోధుమ ఎరుపులో చెదురుతాయి), పారదర్శకంగా ఉండే కుబుసాలు, బతికున్న నల్లులు. టార్చి, పాత ఏటీఎం కార్డు, ఒక తెల్లకాగితం సరిపోతాయి. పరుపు చుట్టూ ఉండే పైపింగ్ కుట్టు, కంపెనీ లేబుల్ అడుగు, పట్టుకునే పిడులు, దూది పరుపైతే టాకాల గుంటలు ముందు వెతకాలి. తర్వాత పరుపు ఎత్తి మంచం మూలలు, బోల్టు రంధ్రాలు, ప్లైవుడ్ చెక్కల అడుగు, గోడవైపు తిరిగి ఉన్న తలాపు చెక్క వెనక చూడాలి. కార్డును సందుల్లో దూర్చి లాగితే లోపలున్నవి కాగితం మీద పడతాయి. హైడ్రాలిక్ బాక్సు మంచాలు, దివాన్లు పాత నవారు మంచాల కంటే కష్టం, ఎందుకంటే లోపలి చెక్క అతుకులన్నీ నల్లులకు ఇళ్లే.

మంచం చుట్టూ ఐదారు అడుగుల లోపలే ఎక్కువ శాతం ఉంటాయి. దోమతెర పైఅంచు కుట్టు, కర్టెన్ మడతలు, గోడ క్యాలెండర్ వెనక, ఫొటో ఫ్రేముల చెక్క, మేకు రంధ్రాలు, ద్వారబంధానికీ గోడకూ మధ్య పగులు, వైర్ల ప్లాస్టిక్ పట్టీలు, స్విచ్‌బోర్డు, ఇవన్నీ తరవాతి చోట్లు. పగలే సోఫాలో, కుర్చీలో కుడుతున్నాయంటే సంఖ్య బాగా పెరిగిందని అర్థం.

మురికిగా ఉంటే నల్లులు వస్తాయన్న మాట వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. నల్లికి కావాల్సింది మనిషి రక్తం, మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి. చెత్తతో దానికి పని లేదు. హాస్టల్ ట్రంకుపెట్టెలోనో, బస్సు సీటు నుంచి బ్యాగులోనో, సెకండ్‌హ్యాండ్ సోఫాలోనో ఇంట్లోకి దిగుతుంది. సిగ్గుపడి పక్కింటివాళ్లకు, హాస్టల్ వార్డెన్‌కు చెప్పకపోతే అవి నిశ్శబ్దంగా పాకిపోతాయి. నల్లుల వల్ల జబ్బులు ఒకరి నుంచి ఒకరికి వ్యాపిస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు. గోకి పుండు చేసుకోవడం, నిద్ర చెడటం, మరీ ఎక్కువగా ఉన్నచోట చిన్నపిల్లల్లో రక్తహీనత, ఇవి మాత్రం నిజమైన బాధలే. దద్దురు చీము పట్టినా జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి.

చేయకూడనివి

మొదటిది, గది మారడం. నల్లులున్న గది వదిలి హాల్లో పడుకుంటే దుప్పటితో పాటు కొన్ని హాల్లోకి వస్తాయి, మిగతావి మనిషిని వెతుక్కుంటూ బయల్దేరతాయి. ఒక గది సమస్య రెండు గదులదవుతుంది. కష్టమే అయినా, మందు వేసి గది పూర్తిగా ఆరాక ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా అదే మంచం మీద పడుకోవాలి. మనిషి కోసం బయటికొచ్చినప్పుడే నల్లి మందు వేసిన గీతను దాటుతుంది. పసిపిల్లల్నీ గర్భిణుల్నీ మాత్రం వేరే గదిలో, వేడినీళ్లలో ఉతికిన పక్కమీద పడుకోబెట్టాలి.

రెండోది, పొలం మందులు. గుంటూరు చుట్టుపక్కల మిర్చికీ పత్తికీ కొట్టే మందు ప్రతి ఊళ్లో దొరుకుతుంది. అదే కాస్త నీళ్లలో కలిపి మంచానికి పూసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. దయచేసి ఈ పని చేయకండి. మూసిన గదిలో రాత్రంతా దాన్ని పీల్చేది మన పిల్లలే. ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలైతే ఇంకా ప్రమాదం. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు తలుపు సందుల గుండా పక్క గదికీ పక్క ఫ్లాటుకూ పాకి నిద్రలోనే ప్రాణం తీయగలదు, దానికి విరుగుడు మందు లేదు. ఒకప్పుడు ఇంటింటా వాడిన గమాక్సిన్ పొడిని మన దేశంలో 1997లో నిషేధించారు. నువాన్ పేరుతో అందరికీ తెలిసిన డైక్లోర్వాస్‌ను 2020 చివరి నుంచి నిషేధించారు. పాత సీసా అటక మీద ఉంటే దాన్ని వాడొద్దు.

కిరోసిన్, పెట్రోలు, స్పిరిట్ తగిలిన నల్లి చావొచ్చు. దాంతో పాటు ఇల్లు అంటుకునే ప్రమాదం ఉంది. కలరా ఉండలు, అల్ట్రాసౌండ్ పరికరాలు, దోమల కాయిల్స్ వల్ల నల్లులు పోవు. బొద్దింకల జెల్ కూడా దండగే. నల్లి రక్తం తప్ప ఇంకేమీ ముట్టదు కాబట్టి దాన్ని ఎరతో చంపడం కుదరదు. పొగబాంబుల పొగ సందుల్లోకి పోదు సరికదా, నల్లుల్ని చెదరగొట్టి దూరపు గోడల్లోకి తరుముతుంది.

వేడి: నమ్మదగిన ఆయుధం, సరిగ్గా వాడితేనే

నల్లి ఏ మందుకైనా అలవాటు పడొచ్చు, వేడికి మాత్రం పడదు. 50 డిగ్రీల సెల్సియస్ దాటితే పెద్దవి చస్తాయి. గుడ్లు కూడా పోవాలంటే ఆ వేడి లోపలి వరకు దిగి గంటన్నర నిలవాలి, లేదా 55 దాటాలి.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలుండగా వేరే వేడి దేనికని ఎవరైనా అడుగుతారు. విజయవాడలో మే నెలలో 45 డిగ్రీలు చూడటం మనకు కొత్త కాదు. కానీ డాబా మీద ఎండేసిన పరుపు పైభాగం చేయి పెట్టలేనంత కాలుతున్నా, అడుగు భాగం నీడలో చల్లగానే ఉంటుంది. నల్లి కాళ్లున్న జీవి, వేడి మొదలవగానే అడుక్కు పోతుంది. లేదా పరుపు దిగి పిట్టగోడ పగుళ్లలో చేరి రాత్రికి మెట్ల మీదుగా తిరిగొస్తుంది. కాబట్టి ఎండ మందపాటి పరుపులకు పనిచేయదు. పుస్తకాలు, చెప్పులు, బ్యాగులు, చిన్న దిళ్ల లాంటివాటికి పనిచేస్తుంది. నల్లటి పాలిథిన్ సంచిలో పల్చగా పరిచి, మూతి బిగించి కట్టి, ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం లోపు ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు డాబా స్లాబు మీద ఉంచాలి. మధ్యలో ఒకసారి తిరగేయాలి. వంటకు వాడే థర్మామీటరు ఉంటే దాని మొనను సంచి నడిమికి దించి కొలవాలి, బయటి వేడి లెక్కలోకి రాదు. చలికాలపు ఎండ దీనికి చాలదు.

బట్టలకు వేడినీళ్లు. వాషింగ్ మెషీన్లో 60 డిగ్రీల సైకిల్ ఉంటే అది, లేకపోతే కాగులో మరిగించిన నీళ్లలో అరగంట నానబెట్టి ఉతకాలి. దుప్పట్లు, దిండు గలీబులు, దోమతెర, కర్టెన్లు ముందు. వాటిని చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరగకూడదు. గదిలోనే సంచిలో పెట్టి మూతి కట్టి బాత్రూముకు తీసుకెళ్లాలి, సంచిని మళ్లీ వాడకూడదు. పట్టుచీరలు వేడినీళ్లకు ఆగవు. వాటి మడతలు విప్పి చూసి, పైన నూలుగుడ్డ వేసి నెమ్మదిగా ఇస్త్రీ చేస్తే సరిపోతుంది. ఉతికినవన్నీ కొత్త సంచుల్లో కట్టి, మూడో విడత అయ్యేవరకు అవసరమైనవే బయటికి తీయాలి.

ఇనుప మంచమైతే అదృష్టం. విప్పి బయటికి తెచ్చి, సలసల మరిగే నీళ్లను మూతి సన్నగా ఉన్న గిన్నెతో ప్రతి అతుకులో, గొట్టం చివర్లలో నిదానంగా పోయాలి. బకెట్లో పట్టి మోసుకెళ్లేలోగా నీళ్లు చల్లారిపోతాయి, అందుకని స్టవ్ దగ్గర నుంచి తిన్నగా తేవాలి. నవారు విప్పి కాగులో ఉడకబెట్టొచ్చు. ప్లైవుడ్ మంచానికి నీళ్లు పోస్తే చెక్క ఉబ్బి పొరలు లేస్తుంది. దానికి స్టీమ్ క్లీనర్ వాడాలి. వెడల్పు మూతి బిగించి, సందుకు ఆనించి, అడుగు దూరానికి పది పదిహేను సెకన్లు పట్టేంత నెమ్మదిగా జరపాలి. తొందరపడితే పైపైన తడి తప్ప వేడి లోపలికి దిగదు, సన్న మూతితో కొడితే నల్లులు ఎగిరి అవతల పడతాయి. స్విచ్‌బోర్డుల మీద ఆవిరీ నీళ్లూ వద్దు.

పరుపు విషయంలో ముందు వాక్యూమ్‌తో కుట్లన్నీ పీల్చాలి. జిగురుతో అంటిన గుడ్లు దీనికి రావు కాబట్టి వెంటనే ఆవిరి పట్టాలి. బాగా ఆరాక నాలుగు వైపులా మూసుకునే జిప్ కవరు తొడిగి, జిప్ చివరన టేపు వేసి, ఏడాది పాటు తీయకుండా ఉంచాలి. లోపల మిగిలినవి అక్కడే చస్తాయి, బయటివి దాక్కోవడానికి కుట్లు దొరకవు. పరుపు పారేయడం చివరి మాట. పారేయాల్సి వస్తే గదిలోనే ప్లాస్టిక్ షీట్లో చుట్టి టేపు వేయాలి, కత్తితో కోసి పనికిరాకుండా చేయాలి. లేకపోతే చెత్తకుండీ దగ్గర నుంచి దాన్ని ఇంటికి తీసుకెళ్లే పేద కుటుంబానికి మన బాధ అంటగట్టినట్టే.

మంచాన్ని ఒంటరి చేయడం

మంచం శుభ్రమయ్యాక దాన్ని గోడకు అర అడుగు జరపాలి. దుప్పటి, దోమతెర అంచులు నేలకు తగలకుండా పరుపు కింద దోపాలి. ఇక మంచంపైకి దారి నాలుగు కోళ్లే. చీమలు ఎక్కకుండా కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే పాత పద్ధతి ఇక్కడ పనికొస్తుంది, రెండు జాగ్రత్తలతో. నీళ్లు పెడితే వాటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, అందుకని సబ్బు కలిపి మూడు రోజులకోసారి మార్చాలి. పొడి గిన్నెలే పెడితే ఆ జాతుల తేడా ముందుకొస్తుంది. చలి దేశాల నల్లి నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేదు, ఉష్ణమండల నల్లి చాలాసార్లు ఎక్కేస్తుంది. గిన్నె లోపలి గోడకు టాల్కం పౌడరు పల్చగా రాసి, వారానికోసారి మళ్లీ రాస్తే జారిపోతుంది. ఈ గిన్నెలే రేపు లెక్క చెబుతాయి. వారం వారం ఎన్ని పడ్డాయో రాసుకుంటే పని జరుగుతోందో లేదో ఊహించక్కర్లేదు.

మందు వేయించేటప్పుడు

పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే వ్యవసాయ శాఖ లైసెన్సు చూపించమనండి. మందు డబ్బా చూపించమనండి. దాని మీద కేంద్ర క్రిమిసంహారక బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు, ఇళ్లలో వాడకానికి అనుమతి ఉండాలి. మన దేశంలో ప్రతి పురుగుమందు డబ్బా మీద విషతీవ్రతను చెప్పే రంగు త్రికోణం ఉంటుంది: ఎరుపు అతి ప్రమాదకరం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపుదీ పసుపుదీ పడకగదిలోకి రానివ్వొద్దు. వాసన లేదంటే విషం లేదని కాదు.

మందు పడాల్సింది మంచం అతుకులు, తలాపు వెనక, గోడ-నేల కలిసే అంచు, ద్వారబంధం పగుళ్లలో. నడిగదిలో నేలంతా తడిపి వెళ్లిపోతే డబ్బు వృథా. పది నిమిషాల్లో ముగిసిన పని పని కాదు, ఒక పడకగదికి గంట పడుతుంది. మందు వేసే ముందు సామాను సర్ది సందులు తెరిచి ఉంచాల్సింది మనమే. చేపల తొట్టి ఉంటే మూసి, పంపు ఆపాలి. మందు పూర్తిగా ఆరి, గాలి ఆడాకే లోపలికి వెళ్లాలి. ఆ తర్వాత మందు పడిన అంచుల్ని రెండు వారాలు ఫినాయిల్‌తో తుడవకూడదు. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో మందు మూడో రోజుకే కొట్టుకుపోతుంది.

డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ రకం మందులకు నల్లులు బాగా రాటుదేలాయి. ఇది కొత్త సంగతి కాదు, 1940ల చివరికే డీడీటీకి లొంగని నల్లులు హవాయిలో బయటపడ్డాయి. మన ఇంటి నల్లి లొంగుతుందో లేదో తెలుసుకోవడం తేలికే. ఒక ప్లైవుడ్ ముక్కకు కూడా మందు కొట్టించి ఆరనివ్వండి. నాలుగైదు నల్లుల్ని పట్టి దాని మీద వేసి స్టీలు గ్లాసు బోర్లించండి. ఒక రోజు తర్వాత హుషారుగా పాకుతుంటే రెండో విడతకు వేరే రకం మందు అడగాలి, అదే మందు మోతాదు పెంచడం పరిష్కారం కాదు.

స్విచ్‌బోర్డుల్లో, పగుళ్లలో పొడిమందు మంచిది. సిలికా లేదా డయటోమేషియస్ ఎర్త్ పొడి నల్లి ఒంటిపైనున్న మైనపు పూతను తీసేసి దాన్ని ఎండగట్టి చంపుతుంది. ఇది విషం కాదు కాబట్టి రాటుదేలడం అరుదు. మెయిన్ ఆఫ్ చేసి, మాస్కు కట్టుకుని, మెత్తటి బ్రష్‌తో కంటికి కనీకనపడనంత పల్చగా చల్లాలి. కుప్పగా పోస్తే నల్లి దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతుంది. వానాకాలపు తేమలో ఇది నెమ్మదిగా పనిచేస్తుంది, వారం పదిరోజులు ఓపిక పట్టాలి.

ఫ్లాట్లు, హాస్టళ్లు

అపార్ట్‌మెంట్లో ఒక్క ఫ్లాటుకు మందు వేస్తే గొట్టాల సందుల్లోంచి, వైర్ల పైపుల్లోంచి పక్కకూ పైకీ పాకే అవకాశముంది. రెండు పక్కల, పైన, కింద ఉన్న ఫ్లాట్లన్నిటినీ ఒకే వారంలో వెతికించాలి. దొరికినచోట ఒకే రోజు మందు వేయించాలి. అసోసియేషన్ ఈ బాధ్యత తీసుకుంటే ఎవరి పేరూ బయట పెట్టక్కర్లేదు. అద్దె ఇల్లు మారి తప్పించుకుందామంటే సామానుతో పాటు అవీ వస్తాయి. పాత ఇంట్లో మిగిలినవి తర్వాత వచ్చేవాళ్లకు దక్కుతాయి.

హాస్టల్లో ఉండే పిల్లలున్న ఇళ్లు సెలవులకు ముందే ఒక పద్ధతి పెట్టుకోవాలి. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట గదుల్లోకి రానివ్వకుండా బాల్కనీలోనో డాబా మీదో తెరవాలి. బట్టలన్నీ, ఉతికినవీ ఉతకనివీ, సంచి నుంచి తిన్నగా వేడినీళ్లలోకి. పెట్టె మూలలు, బిజాగరీలు, అడుగు రేకు మడతల్లో మరిగిన నీళ్లు పోయాలి. పుస్తకాలకు వేసవైతే నల్లసంచీ ఎండ. సంక్రాంతి సెలవులైతే చిన్న కట్టలుగా కవర్లో కట్టి, మైనస్ 18 డిగ్రీలకు పోయే డీప్ ఫ్రీజర్లో నాలుగు రోజులు పెట్టాలి. బయటికి తీశాక కవరు చల్లదనం పోయేవరకు విప్పకూడదు, లేకపోతే కాగితాలు చెమ్మగిల్లుతాయి. తిరిగి వెళ్లేటప్పుడు పిల్లల పరుపుకూ జిప్ కవరు తొడిగి పంపండి. మూడో విడత అయ్యాక ఇంట్లో గిన్నెల్లో ఎనిమిది వారాలు ఒక్క నల్లీ పడకపోతే, కొత్త కుబుసాలూ మరకలూ లేకపోతే పోయినట్టే లెక్క. మధ్యలో ఒక్కటి కనిపించినా ఆ రోజు నుంచి మళ్లీ రెండు వారాల తేదీ వేసుకోవాలి.